దె నిత్తిస్ వెసువియస్ పలకలు: నకలు ప్రాజెక్టు డైరీ

తయారు చేసిన మొదటి నాలుగు పలకలూ వంకర తిరిగి పనికిరాకుండా పోయిన తర్వాతే ఈ డైరీ రాయడం మొదలుపెట్టాను. ఇదే పని చేయదలచుకున్నవారు కనీసం ఆ నాలుగు పలకల ఖర్చయినా మిగుల్చుకుంటారన్నది నా ఆశ.

చేయదలచిన పని ఇది. ఇటలీ చిత్రకారుడు జుసెప్పె దె నిత్తిస్ 1872లో నేపుల్స్ దగ్గరి వెసువియస్ అగ్నిపర్వతం వాలుల మీద చిన్న చెక్క పలకలపై తైలవర్ణాలతో కొన్ని అధ్యయనాలు వేశాడు. వాటిలో ఒకదానికి నకలు వేయడం, ఆ తర్వాత అలాంటి పలకలనే, అలాంటి పెట్టెనే పట్టుకుని ఆ కొండ మీదే కూర్చుని ఒక బొమ్మ వేయడం. నేను ఉద్యోగరీత్యా మిలాన్‌లో ఉంటున్నాను కనుక చెక్క, జిగురు, మూల చిత్రాలు, చివరకు కొండ కూడా నాకు అందుబాటులోనే ఉన్నాయి.

దె నిత్తిస్ 1846లో ఆడ్రియాటిక్ తీరంలోని బర్లెత్తా పట్టణంలో పుట్టాడు. 1863లో నేపుల్స్ లలితకళల విద్యాలయం క్రమశిక్షణ లేదని అతణ్ణి బయటకు పంపేసింది. మార్కో దె గ్రెగోరియో, ఫెదెరికో రొస్సానో, శిల్పి అద్రియానో చెచొనిలతో కలిసి వెసువియస్ పాదంలోని రెసీనాలో ఆరుబయట బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. తర్వాత పారిస్ చేరి అక్కడి వీధులు, లండన్ పొగమంచు, గుర్రప్పందేల మైదానాలు వేసి పేరూ డబ్బూ గడించి, 1884లో 38 ఏళ్లకే చనిపోయాడు. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో ఫొటోగ్రాఫర్ నదార్ పాత స్టూడియోలో అధికారిక ప్రదర్శనను కాదని కొందరు చిత్రకారులు పెట్టుకున్న మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో, చిత్రకారుడు దెగా పిలుపు మీద పాల్గొన్న ఏకైక ఇటాలియన్ అతడే. అక్కడ పెట్టిన ఐదింటిలో రెండు వెసువియస్ అధ్యయనాలు. అదే ఏడాది ‘సెలూన్’ అనే ఆ అధికారిక చిత్రప్రదర్శనలో మాత్రం చలిగాలికి ముడుచుకుని నడుస్తున్న సొగసైన స్త్రీల బొమ్మ పెట్టి జనాన్ని ఆకట్టుకున్నాడు. తిరుగుబాటుదారుల గోడకు కొండను, కొనేవాళ్ల గోడకు స్త్రీలను పంపిన మనిషి ఆ కొండ దగ్గర ఏం నేర్చుకున్నాడన్నది పుస్తకాలలో కంటే పలక మీదే తెలుస్తుందనిపించి ఈ పనికి పూనుకున్నాను.

దశ 1: పలకలు (రోజు 1 నుంచి 23 వరకు)

మొదటి విడతకు 4 మి.మీ. మందం గల పోప్లర్ ప్లైవుడ్ తీసుకుని 13 × 18 సెం.మీ. ముక్కలుగా కోయించాను. కుందేలు చర్మపు జిగురులో బొలోన్యా జెస్సో అనే మెత్తటి జిప్సం పొడిని కలిపి, ఒకవైపు మాత్రమే ఆరు పూతలు వేశాను. మూడో రోజుకు నాలుగు పలకలూ పూత వైపుకు పళ్లెంలా వంగాయి. బల్ల మీద బోర్లించి మధ్యలో ఎత్తు కొలిస్తే 3 మి.మీ. వచ్చింది. జిగురు ఆరేటప్పుడు కుంచించుకుపోయి చెక్కను తనవైపు లాక్కుంటుంది. వెనుకవైపు ఆ లాగుడును ఆపే పూత ఏదీ లేదు. వెనుక తడిపితే సర్దుకుంటుందని ఎక్కడో విని, ఒక పలకను తడిగుడ్డతో తుడిచి వదిలేశాను. తడిసిన వెనుకవైపు ఉబ్బడంతో వంపు 4 మి.మీ.కు పెరిగింది. కాస్త ఆలోచించి ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదు.

రెండో విడతకు రెండు మార్పులు చేశాను: మందం 6 మి.మీ.కు పెంచాను, జిగురు రెండువైపులా పూశాను. వంపు పోయింది కానీ కొత్త చిక్కు వచ్చింది. గట్టిగా పట్టుకుంటుందని లీటరు నీటికి 100 గ్రాముల జిగురు వేశాను. ఆరిన తర్వాత నాలుగింటిలో మూడు పలకల మీద పూత ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చింది. జిగురు ఎంత బలంగా ఉంటే అంత గట్టిగా బిగుసుకుంటుంది, పైన ఉన్న జిప్సం పొర ఆ బిగువుకు తట్టుకోలేదు.

మూడో విడతలో లీటరుకు 70 గ్రాములకు దిగాను. ఆరు పలకలు చేస్తే ఆరూ నిలిచాయి. ఎక్కువ వంగిన దానిలో కూడా వంపు అర మి.మీ. దాటలేదు. ఇప్పుడు పాటిస్తున్న వరుస ఇది:

1. 6 మి.మీ. పలకను కోసి, అంచుల పదును ఉప్పుకాగితంతో తీసేయాలి.
2. 70 గ్రాముల జిగురు పలుకులను లీటరు చల్లటి నీటిలో రాత్రంతా నానబెట్టాలి.
3. ఆ గిన్నెను వేడినీటి గిన్నెలో పెట్టి 55 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కరిగించాలి.
4. రెండువైపులా, నాలుగు అంచులకూ ఒక పూత వేసి ఒక రోజంతా ఆరనివ్వాలి.
5. జెస్సోను జిగురులో చల్లి, దానంతట అది మునిగేదాకా ఆగి, నెమ్మదిగా కలిపి, పలుచని గుడ్డలో వడగట్టాలి. గరిటెతో గిలకొడితే బుడగలు చేరి పూత నిండా సూదిబెజ్జాలు పడతాయి.
6. ముందువైపు నాలుగు పూతలు, వెనుకవైపు రెండు.

మూడో మెట్టులో ఉష్ణోగ్రత దగ్గర అశ్రద్ధ వద్దు. ఫోన్ మాట్లాడుతూ ఒకసారి జిగురును మరగనిచ్చాను. చూడటానికి తేడా ఏమీ తెలియలేదు, కానీ మరిగిన జిగురు పట్టు కోల్పోతుంది. అప్పటినుంచి వాడే ముందు ఒక చెంచాడు తీసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. చల్లారాక వేలితో నొక్కితే లేత జున్నులా విరగాలి. నీళ్లగా జారితే ఆ గిన్నెడూ పారబోయాల్సిందే.

మన ఊళ్లలో చేయదలచినవారి కోసం ఒక మాట. సెలవులకు విజయవాడ వెళ్లినప్పుడు వడ్రంగులు వాడే జంతుచర్మపు జిగురు, మెత్తటి సుద్దపొడి కలిపి ఒక ముక్క మీద చేసి చూశాను. పూత బాగానే నిలిచింది కానీ ఆగస్టు తేమలో జిగురు బంక ఆరడానికి రెండున్నర రోజులు పట్టింది. వానాకాలం తర్వాత మొదలుపెట్టడం మంచిది.

ఇప్పటివరకు: చేసిన పలకలు 14, పనికొచ్చినవి 7. ఖర్చు 29 యూరోలు. సమయం 19 గంటలు.

దశ 2: రంగులు (రోజు 24 నుంచి 40 వరకు)

1872 నాటికి తగరపు గొట్టాలలో రంగులు అమ్మడం మొదలై మూడు దశాబ్దాలు గడిచింది. కోబాల్ట్ నీలం, కృత్రిమ అల్ట్రామెరైన్, 1859లో పేటెంట్ పొందిన విరిడియన్ ఆకుపచ్చ, ఓకర్లు, సియెన్నాలనే మట్టి రంగులు అన్నీ అప్పటి చిత్రకారుడి చేతికి అందేవే, ఈనాటి దుకాణాల్లోనూ దొరికేవే. ఇబ్బంది తెలుపు దగ్గరే వస్తుంది. అప్పటి ప్రధానమైన తెలుపు సీసంతో చేసినది. అది విషం. నేను పని చేసేది అద్దె ఇంటి వంటగదిలో కనుక దాని జోలికి పోలేదు. ఇప్పుడు అందరూ వాడే టైటానియం తెలుపు చిత్రకారుల పెట్టెల్లోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. దె నిత్తిస్ దాన్ని ఎన్నడూ చూడలేదు.

తేడా ఎంతుందో తెలుసుకోవడానికి ఒక పలకను 24 గళ్లుగా విభజించి మిశ్రమాలు వేశాను. ఒక పాలు కోబాల్ట్‌ను ఒక నిర్ణీత లేతదనానికి తేవడానికి టైటానియం మూడు పాళ్లు సరిపోయింది, జింకు తెలుపు ఐదు పాళ్లు పట్టింది. లేతదనం ఒకటే అయినా రంగు ఒకటి కాదు. టైటానియం కలిపిన గడి సున్నం కొట్టిన గోడలా చల్లగా, మొద్దుగా నిలిచింది. జింకు గడిలో అడుగు పొర కొంచెం కనిపిస్తూ గాలి ఆడినట్టు ఉంది. అయితే జింకును మందంగా వేస్తే కాలక్రమంలో పెళుసెక్కి పగులుతుంది, ఆరడమూ ఆలస్యమే. వేలికి అంటకుండా ఆరడానికి దానికి ఆరు రోజులు పడితే టైటానియానికి నాలుగు పట్టింది. మూడు పాళ్లు జింకు, ఒక పాలు టైటానియం కలిపి, ఆకాశానికి పలుచగా మాత్రమే వాడాలని తీర్మానించుకున్నాను.

ఈ దశలో చేసిన రెండు తప్పులు:

1. రంగును పలుచన చేయడానికి వంటకు అమ్మే అవిసె నూనె వాడాను. పదకొండు రోజుల తర్వాత కూడా ఆ గళ్లు జిగటగానే ఉన్నాయి. చిత్రకారులకు శుద్ధి చేసి అమ్మే అవిసె నూనె ఖరీదు ఎక్కువే, అయినా దానికి బదులు లేదు.
2. లావా నల్లగా ఉంటుందన్న ఊహతో ఐవరీ నలుపు, కాల్చిన అంబర్ అనే ముదురు గోధుమ మట్టి రంగు కలిపాను. ఆరాక ఆ చోటు రంగు ఇంకిపోయి, బొమ్మలో గొయ్యి తవ్వినట్టు కనిపించింది. నలుపు గొట్టాన్ని పెట్టెలోంచి తీసేసి, అల్ట్రామెరైన్‌లో కాల్చిన సియెన్నా కలిపి ముదురు బూడిద రంగు తయారు చేసుకోవడం మొదలుపెట్టాను. సియెన్నా పాలు పెంచితే ఎండ తగిలిన రాయి వస్తుంది, నీలం పాలు పెంచితే నీడ వస్తుంది. ఈ మార్పు తర్వాత కొండ దగ్గర నన్ను కాపాడింది.

ఇప్పటివరకు: మిగిలిన పలకలు 6. ఖర్చు 103 యూరోలు. సమయం 28 గంటలు.

దశ 3: మొదటి రెండు నకళ్లు, రెండూ పాడు (రోజు 41 నుంచి 55 వరకు)

ఈ వెసువియస్ పలకలు కొన్ని మిలాన్‌లోని గల్లేరియా దార్తె మొదెర్నా అనే ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. అరచేతిని కాస్త మించిన పరిమాణం. 2024లో ఇదే నగరంలోని పలాత్సో రెయాలెలో దె నిత్తిస్ మీద పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు పారిస్ వీధుల ముందు జనం గుమిగూడటం చూశాను. చిన్న బొమ్మల ముందు నిలబడినవాళ్లు తక్కువ.

మొదటి నకలును ముద్రిత ఛాయాచిత్రం చూసి వేశాను. ఒకే పలకకు చెందిన రెండు ముద్రణలు నా దగ్గర ఉన్నాయి. ఒకదానిలో ఆకాశం పచ్చదనానికి మొగ్గితే మరొకదానిలో గులాబీకి మొగ్గింది. రెండింటి మధ్య రంగును ఊహించి, ముందు పెన్సిల్‌తో వాలు గీత, పొదలు, మేఘపు అంచు అన్నీ గీసుకుని, ఏడు గంటలు కూర్చుని నింపాను. వచ్చినది బడి పిల్లలు రంగులు నింపిన పటంలా ఉంది. దగ్గరగా చూస్తే మరో లోపం కనబడింది: కుంచె దెబ్బల మధ్య తెల్లటి జెస్సో చుక్కలు ఉప్పు చల్లినట్టు మెరుస్తున్నాయి. వాటిని కప్పబోయే కొద్దీ రంగు మందమైంది, రంగు మందమయ్యే కొద్దీ గాలి పోయింది. రెండో నకలు నాలుగు గంటల్లో ముగిసింది, దాని కథా ఇదే.

దీని తర్వాత రెండు మార్పులు చేశాను.

మొదటిది రంగు కార్డులు. మ్యూజియంలోకి తడి రంగులు తీసుకుపోనివ్వరు కనుక, మందపాటి కాగితం మీద పన్నెండు ఆకాశపు రంగులు ముందే వేసి, ఆరబెట్టి, అంకెలు రాసి, జేబులో పెట్టుకుని వెళ్లాను. ఒకటో కార్డు శుద్ధమైన కోబాల్ట్, తెలుపు. అక్కడి నుంచి ఒక్కో కార్డుకూ కొంచెం కొంచెం ఓకర్, చివరి కార్డులకు చిటికెడు సియెన్నా. గీత దాటకుండా చేయి చాచి, ఒక కన్ను మూసి, కార్డు అంచును బొమ్మలోని ఆకాశం పక్కకు వచ్చేలా పట్టుకుని చూడాలి. మూడో కార్డు దగ్గర సరిపోతుందని ఇంటి దగ్గర పందెం వేసుకున్నాను. మూడో కార్డు ఆ ఆకాశం పక్కన రిబ్బను ముక్కలా అరిచింది. నాలుగు, ఐదు, ఆరు కూడా ఇంకా నీలంగానే ఉన్నాయి. ఏడు, ఎనిమిది మధ్యకు వచ్చేసరికి కార్డు అంచు దాదాపు మాయమైంది. చేతిలో చూస్తే అది బూడిద రంగు. ముదురు వాలు పక్కన ఉండటం వల్లనే అది నీలంగా కనిపిస్తోంది. ఈ ఒక్క గమనిక కోసం నేను రెండు పలకలు, పదకొండు గంటలు పోగొట్టుకున్నాను.

రెండోది నేల రంగు, అంటే బొమ్మ కింద పలకంతా ముందే పూసే రంగు. ఫ్లోరెన్స్‌లోని మక్కియాయోలి చిత్రకారులు చిన్న చెక్క పలకలు వాడి, చెక్క రంగునే మధ్యస్థాయి రంగుగా అక్కడక్కడ వదిలేసేవారు. ఆ బృందానికీ రెసీనా మిత్రులకూ మధ్య వారధిగా నిలిచినవాడు చెచొని. ఈ సంగతి తెలిసి కూడా తెల్లటి జెస్సో మీద అన్ని రోజులు శ్రమపడటం నా మొండితనం. మిగిలిన నాలుగు పలకల మీద టర్పెంటైన్‌లో బాగా పలుచన చేసిన సియెన్నా, ఓకర్ మిశ్రమాన్ని గుడ్డతో రుద్ది, లేత ఇటుక రంగు తెప్పించాను. ఈ నేల మీద వేస్తే కుంచె వదిలేసిన ప్రతి సందూ మట్టిలా కనిపిస్తుంది, కప్పాల్సిన అవసరం ఉండదు.

ఇప్పటివరకు: మిగిలిన పలకలు 4. ఖర్చు 115 యూరోలు. సమయం 39 గంటలు.

దశ 4: పెట్టె (రోజు 56 నుంచి 66 వరకు)

రెండు సీసాల వైన్ అమ్మే చెక్క పెట్టె ఒకటి తీసుకుని, లోపల రంగుల పలక ఆనడానికి రెండు బద్దలు, మూతలో తడి బొమ్మలు పెట్టడానికి మూడు గాడులు చేశాను. మొదట గాడికీ గాడికీ మధ్య 6 మి.మీ. సందు వదిలాను, కుంచె ఎత్తుగా వదిలిన రంగు పక్క పలక వెనుకకు అంటుకుంది. సందును 10 మి.మీ.కు పెంచడంతో నాలుగు గాడులనుకున్న మూతలో మూడే పట్టాయి. బరువు మొదట 2.4 కిలోలు ఉంది. రంగు గొట్టాలను తొమ్మిది నుంచి ఆరుకు, కుంచెలను పదకొండు నుంచి నాలుగుకు తగ్గించి, గాజు సీసాకు బదులు చిన్న రేకు డబ్బా పెడితే 1.7 కిలోలకు దిగింది. దీని గురించి ఇంతకుమించి చెప్పాల్సింది లేదు. కొనుక్కునే స్తోమత ఉన్నవారు కొనుక్కోవచ్చు.

ఇప్పటివరకు: ఖర్చు 138 యూరోలు. సమయం 49 గంటలు.

దశ 5: కొండ మీద (రోజు 71, 72)

నేపుల్స్ నుంచి లోకల్ రైల్లో ఎర్కొలానో దిగాను. 1969 దాకా ఈ ఊరి పేరే రెసీనా. అక్కడి నుంచి బస్సు పైకి వెళ్లే దారిలో, సుమారు 600 మీటర్ల ఎత్తున వెసువియస్ పరిశోధనశాల పాత భవనం ఉంది. 1872 ఏప్రిల్ చివరి వారంలో కొండ బద్దలై, 26న చూడటానికి వచ్చినవారిలో కొందరు లావాకు బలైనప్పుడు, అధిపతి లుయీజీ పల్మియేరి ఈ భవనాన్ని వదలకుండా లోపలే ఉండి పరికరాల లెక్కలు రాసుకున్నాడు. దె నిత్తిస్ కూడా ఆ విస్ఫోటనాన్ని కళ్లారా చూశాడు. బూడిద వానలో పరుగెత్తే జనంతో అతడు వేసిన చిత్రం ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని పలాత్సో పిత్తిలో ఉంది.

నకలు వేసేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది: అతడు చూసిన కొండ ఇప్పుడు అక్కడ లేదు. 1906, 1944 విస్ఫోటనాలు శిఖరం రూపాన్నే మార్చేశాయి. 1944 తర్వాత కొండ మౌనంగా ఉంది కనుక అతని ఆకాశంలోని పొగను మనం చూడలేము. నేలా మారింది. 1944 లావా మీద స్తెరియోకౌలోన్ వెసువియానుమ్ అనే లైకెన్ (రాళ్ల మీద నాచులా పెరిగేది) పరుచుకుని, దూరం నుంచి వెండి పూత పూసినట్టు కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లి వంగి చూస్తే అది పగడపు కొమ్మల్లా, గోరంత ఎత్తున, బూడిద రంగు నురుగులా రాయిని పట్టుకుని ఉంది. ఒక్క రాయి కూడా నల్లగా లేదు. నీడలో ఊదా, ఎండలో తుప్పు రంగు, లైకెన్ ఉన్నచోట వెండి. నలుపు గొట్టాన్ని ఇంట్లో వదిలి రావడం ఎంత మంచిదయిందో అక్కడే తెలిసింది.

అందరూ నడిచే బాట పక్కన, ఎవరికీ అడ్డం కాని చోట కూర్చున్నాను. ఆ రోజు నమోదు ఇది:

1. మొదటి పలక, 10:35. పెన్సిల్‌తో గీశాను. వాలు రంగు ముగిసేసరికి 55 నిమిషాలు గడిచాయి. మొదట వేసిన నీడలు ఎడమవైపు, చివర వేసినవి కాళ్ల కింద ఉన్నాయి. ఒకే బొమ్మలో రెండు సూర్యులు. పాడు.
2. రెండో పలక, 11:45. పెన్సిల్ మానేశాను. 20 నిమిషాలు బాగా సాగింది. గాలి మూతను లేపింది, పలక బోర్లా పడింది. తడి రంగు నిండా లావా ఇసుక. గీకబోతే నేల రంగు కూడా లేచిపోయింది. పాడు.
3. మూడో పలక, 12:50. పెట్టెకు తాడు కట్టి, తాడుకు రాయి కట్టాను. మూడే మిశ్రమాలు కలుపుకున్నాను: ఆకాశం, ఎండ వాలు, నీడ వాలు. ఆ మూడింటితో పలకంతా 12 నిమిషాల్లో కప్పాను. తర్వాత లైకెన్ కోసం పొడి కుంచెతో లేత బూడిద రంగు ఈడ్చాను. బాట మీద దిగివస్తున్న ఇద్దరు మనుషులు ఒక్కొక్కరికి రెండేసి కుంచె దెబ్బలు. 38వ నిమిషంలో ఆపేశాను. నిలిచింది.

మూడో పలక వేస్తున్నప్పుడే దె నిత్తిస్ పలకల్లో పొదలూ మనుషులూ ఎందుకంత క్లుప్తంగా ఉంటారో అర్థమైంది. మ్యూజియంలో దాన్ని శైలి అనుకున్నాను. ఆ కొండ మీద వెలుగు 40 నిమిషాలకు మించి ఒకచోట నిలవదు. అంతలో వాలు, ఆకాశం, వాటి మధ్య తేడా పట్టుకుంటే మిగతా వాటికి రెండు దెబ్బలకు మించి సమయం మిగలదు. 1872లోనే అతడు గూపిల్ అనే పెద్ద చిత్ర వ్యాపారితో ఒప్పందంలోకి వెళ్లాడు. ఆ దుకాణానికి కావలసినవి ముచ్చటైన దుస్తులతో, నున్నగా, తీరిగ్గా ముగించిన చిన్న బొమ్మలు. ఒకే చేయి ఆ రెండు పనులూ చేసిందంటే, కొండ మీద ఆ చేయి ఏయే వివరాలను కావాలనే వదిలేసిందో గమనించవలసి ఉంటుంది. మూడేళ్లకు పారిస్‌లోని పిరమిడ్స్ కూడలిని వేసినప్పుడు, తడి నేల మీద దూరంగా నడిచే జనాన్ని అతడు కుదించిన తీరులో నాకు ఈ వాలు మీది మనుషులే కనిపిస్తున్నారు. ఇది నా అభిప్రాయం మాత్రమే, కానీ 38 నిమిషాల తర్వాత కుదిరిన అభిప్రాయం.

మర్నాడు బర్లెత్తా వెళ్లాను. దె నిత్తిస్ భార్య లియోంతీన్ తన దగ్గర మిగిలిన అతని చిత్రాలను ఆ ఊరికి రాసిచ్చింది. అవి ఇప్పుడు అక్కడి పలాత్సో దెల్లా మర్రా భవనంలో ఉన్నాయి. చివరి రోజుల్లో వేసిన తోటలో ఫలహారం బొమ్మలో బల్ల మీది తెల్లగుడ్డను అరగంట చూశాను. భార్యా కొడుకూ కూర్చున్న ఆ బల్ల దగ్గర మనవైపున్న కుర్చీ ఖాళీ. అది చిత్రకారుడు లేచిన చోటు. అది వేరే సంగతి, నా పనికి అవసరమైనది ఆ గుడ్డ. నీడలో ఉన్న తెలుపు నీలానికి ఎంత దగ్గరగా వెళ్లినా తెల్లగానే నిలిచింది. నా ఏడో కార్డు దాని పక్కన కూడా పెట్టి చూశాను.

ఇప్పటివరకు: మిగిలిన పలక 1. ప్రయాణంతో కలిపి ఖర్చు 269 యూరోలు. సమయం 54 గంటలు.

దశ 6: మళ్లీ నకలు (రోజు 80 నుంచి 97 వరకు)

కొత్తగా నాలుగు పలకలు చేశాను, ఈసారి జెస్సో లేకుండా. జిగురు రెండువైపులా ఒక్కో పూత, ఆరాక సన్నటి ఉప్పుకాగితం, పైన పలుచటి సియెన్నా నేల. అంతే. పలకకు పట్టే సమయం సగానికి సగం తగ్గింది, చెక్క నార కుంచెను కొంచెం పట్టి ఆపడం వల్ల రంగు జారడం కూడా ఆగింది. మొదటి దశలో అంత శ్రద్ధగా రాసిన జెస్సో మెట్లు ఈ పనికి అక్కర్లేదన్నమాట. వాటిని చెరిపేయకుండా ఉంచుతున్నాను, పాస్టెల్‌కో టెంపరాకో ఎవరికైనా పనికొస్తాయి.

నకలుకు పెట్టుకున్న నిబంధనలు:

1. పెన్సిల్ లేదు.
2. గడియారంలో 40 నిమిషాలు పెట్టుకోవాలి, మోగగానే కుంచె దించాలి.
3. ఆకాశం ఏడు, ఎనిమిది కార్డుల మధ్య కలిపి, పలక మీద పెట్టే ముందు కార్డుతో సరిచూడాలి.
4. ఆరిన తర్వాత దిద్దుబాటు లేదు.

ఈ విడత మొదటి నకలులో వాలు కోణం తప్పింది. స్కేలుతో కొలిస్తే కుడి అంచు దగ్గర కొండ గీత 9 మి.మీ. ఎత్తులో ఉంది. అంత చిన్న పలకలో 9 మి.మీ. అంటే అది మరో కొండే. రెండోది కోణం సరిపోయి, ఆకాశం మందమై పోయింది. భయంతో తెలుపు ఎక్కువ వేశాను. మూడోదానికి ముందు, పాడైన పలకల వెనుక వైపు మీద వాలు గీత ఒక్కటే నలభై సార్లు పొడి కుంచెతో గాలిలోనూ, పలక మీదా గీసి చేయి అలవాటు చేసుకున్నాను. మూడోది 36 నిమిషాల్లో ముగిసింది. కొండ గీత తేడా 2 మి.మీ. కుడి మూలలోని పొదలు మూలంకంటే ముదురుగా వచ్చాయి, నీడ వాలులో నీలం ఒక పిసరు ఎక్కువ. అయినా నాలుగు మీటర్ల దూరం నుంచి చూస్తే ఆకాశం వెనక్కి వెళుతోంది, కొండ ముందుకు వస్తోంది. దశ 3లోని రెండు నకళ్లలో పదకొండు గంటలు పెట్టినా ఇది జరగలేదు.

మొత్తం లెక్క:

చేసిన పలకలు 18. బొమ్మ వేయకముందే పాడైనవి 7, రంగు పరీక్షకు 1, పాడైన నకళ్లు 4, కొండ మీద పాడైనవి 2, మిగిలిన బొమ్మలు 2, ఖాళీగా ఉన్నవి 2. ఖర్చు 275 యూరోలు, అందులో ప్రయాణమే 131. సమయం 66 గంటలు.

వార్నిష్ ఇప్పుడే వేయడం లేదు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల నూనె ఆరడానికి పలుచటి పొరకైనా ఆరు నెలలు ఇవ్వాలి. ఆ తేదీని పలక వెనుక పెన్సిల్‌తో రాసుకున్నాను. దాని కింద, ఎవరి చేతిలో పడినా పొరపాటు జరగకుండా, అల్ట్రామెరైన్‌తో పెద్ద అక్షరాల్లో తెలుగులోనూ ఇటాలియన్‌లోనూ ‘నకలు’ అని, నేను వేసిన సంవత్సరం, పలక పరిమాణం రాశాను. పరిమాణాన్ని మూలానికి సమానంగా పెట్టకపోవడం కూడా కావాలని చేసినదే. తెలుగు అక్షరాలు ఆరడానికి మూడు రోజులు పట్టింది. గాడిలో పెట్టే తొందరలో ‘లు’ కొమ్ము కాస్త చెదిరింది.